విచారణ గదిలో మనిషి మనసు



పోలీసు విచారణ గురించి మన సభల్లో ప్రసంగించేవారు సాధారణంగా లాఠీ గురించి మాట్లాడుతారు. దెబ్బల గురించి, కరెంటు షాకుల గురించి, రాత్రింబవళ్ళు నిద్రపోనివ్వకపోవడం గురించి చెబుతారు. అవన్నీ చెప్పుకోవలసినవే. ఈ రోజు మేము మీ ముందు ఉంచదలచిన ప్రశ్న మాత్రం వేరు. ఒంటిమీద దెబ్బ పడకపోయినా ఒక నిర్దోషి నేరాన్ని ఎందుకు ఒప్పుకుంటాడు? అబద్ధమాడాలనే తలంపే లేని సాక్షి, చూడనిదాన్ని చూశానని ఎందుకు చెబుతాడు? ఈ ప్రశ్నలకు గత వందేళ్ళలో మనస్తత్వ శాస్త్రం గట్టి సమాధానాలు కనిపెట్టింది. అవి న్యాయస్థానాలకు ఎంత అవసరమో, అనుమానపు నీడలో బతికే సమాజానికి అంతకన్నా ఎక్కువ అవసరం.

ముందుగా సాక్షి సంగతి చూద్దాం. జ్ఞాపకం అంటే మనసులో భద్రపరచిన ఛాయాచిత్రమని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు ఆ దృశ్యాన్ని కొత్తగా కూర్చుకుంటుంది. ఆ కూర్పులోకి ప్రశ్న అడిగినవాడి మాటలు కూడా చేరిపోతాయి. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు 150 మంది విద్యార్థులకు ఒక కారు ప్రమాదం ఫిల్మును చూపించారు. కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని యాభై మందిని అడిగారు. కార్లు ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని మరో యాభై మందిని అడిగారు. మిగిలిన యాభై మందిని వేగం గురించి అడగనే లేదు. వారం తరువాత అందరినీ పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని ప్రశ్నించారు. ఆ ఫిల్ములో గాజు పగలనే లేదు. అయినా ‘నుజ్జయిన’ అనే మాట విన్నవారిలో 16 మంది, ‘తగిలిన’ అనే మాట విన్నవారిలో ఏడుగురు గాజు ముక్కలు చూశామన్నారు. ఒక్క క్రియాపదం లేని గాజును సృష్టించింది. ఆ విద్యార్థులను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు.

ఇదే మన పోలీస్ స్టేషనులో ఎలా జరుగుతుందో ఆలోచించండి. “ఆ రోజు అక్కడ ఏం చూశావు?” అన్నది ఒక ప్రశ్న. “ఆ గడ్డపు మనిషి సంచి పెట్టి వెళ్ళడం చూశావు కదా?” అన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్న సాక్షి జ్ఞాపకాన్ని బయటకు తీస్తుంది. రెండవది అధికారి అనుమానాన్ని సాక్షి మనసులోకి ఎక్కిస్తుంది. పదిరోజుల తరువాత అదే సాక్షి కోర్టులో ప్రమాణం చేసి గడ్డం గురించి చెప్పినప్పుడు అతడు అబద్ధమాడడం లేదు. తన జ్ఞాపకమనే నమ్మి చెబుతున్నాడు. అందువల్లనే అతడిని అడ్డుప్రశ్నలతో కదిలించడం కష్టం.

గుర్తింపు పరేడ్‌లోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. వరుసలో అనుమానితుడు ఎవరో తెలిసిన అధికారి పక్కనే నిలబడితే, అతడి చూపు, తలాడింపు, ఒక చిన్న నిట్టూర్పు సాక్షికి దారి చూపుతాయి. సాక్షి ఒకరిని చూపించాక “సరిగ్గా గుర్తుపట్టావు” అని ఒక్క మాట అంటే చాలు, అంతవరకు తటపటాయించినవాడికి అంతులేని నమ్మకం వస్తుంది. ముఖం స్పష్టంగా కనిపించిందని, మొదటి క్షణంలోనే పోల్చుకున్నానని కూడా అనడం మొదలుపెడతాడు. గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో దీనిని ప్రయోగపూర్వకంగా చూపించారు. కాబట్టి, కోర్టులో సాక్షి కనబరచే ధీమాను మాత్రమే చూసి అతడి మాట నిజమని తీర్మానించలేం.

హైదరాబాదు వంటి చోట ఈ సమస్యకు భాష కూడా తోడవుతుంది. సాక్షి దక్కనీ ఉర్దూలో మాట్లాడుతాడు. స్టేషన్ రైటరు దానిని తెలుగులో, అదీ పోలీసు తెలుగులో రాస్తాడు. మన పాతబస్తీ దక్కనీలో ‘పర్సోం’ అంటే మొన్న అని మాత్రమే అర్థం కాదు. ఈ మధ్య ఎప్పుడో గడిచిన ఏ రోజునైనా ‘పర్సోం’ అనే అంటాం. రైటరు ‘మొన్న’ అని రాస్తే అది ఒక నిర్దిష్టమైన తేదీగా మారుతుంది. ఆ తేదీన ఆ మనిషి వేరే ఊళ్ళో ఉన్నట్లు తేలితే, “అబద్ధం చెప్పాడు, ఏదో దాస్తున్నాడు” అన్న ముగింపుకు వస్తారు. ‘భాయ్’ అన్న మాటా అంతే. దుకాణంలో పరిచయమైనవాడినీ భాయ్ అంటాం, తోడబుట్టినవాడినీ భాయ్ అంటాం. కాగితం మీదకు ఎక్కాక అది రక్తసంబంధమో, ముఠా సంబంధమో అయిపోతుంది. చెప్పినవాడికి ఆ కాగితం చదవడం రాదు. మాట అతడిదే అయినా, కాగితం మీది అర్థం మరొకరిది.

ఇక అనుమానితుడి సంగతికి వద్దాం. దర్యాప్తు అధికారి గదిలోకి అడుగుపెట్టేటప్పటికే, ఎదుట కూర్చున్నవాడు దోషి అని అనేకసార్లు ఒక నిర్ణయానికి వచ్చి ఉంటాడు. “ముఖం చూస్తే చెప్పేస్తాను” అన్న గర్వం చాలామంది అధికారులలో ఉంటుంది. ఈ గర్వానికి ఆధారమెంత? ముఖకవళికలు, మాటతీరు చూసి అబద్ధాన్ని పసిగట్టగలరా అన్న విషయంపై జరిగిన వందలాది పరిశోధనలను క్రోడీకరించి చార్లెస్ బాండ్, బెల్లా డెపాలో 2006లో ఫలితాన్ని ప్రకటించారు. సగటున నూటికి 54 సార్లు మాత్రమే మనుషులు సరిగ్గా చెప్పగలిగారు. నాణెం ఎగరేసి చెబితే యాభై సార్లు సరిపోతుంది. తడబాటు, చెమట, చూపు తిప్పుకోవడం భయానికి గుర్తులు. పోలీస్ స్టేషనులో భయపడడానికి నేరం చేసి ఉండనక్కరలేదు. తాను పుట్టిన వాడ పేరు, తాను పెట్టుకున్న టోపీ చాలు భయపడడానికి.

దోషి అని ముందే నమ్మినవాడు అడిగే ప్రశ్నలు నిజాన్ని వెదకవు, ఒప్పుకోలును వెదకుతాయి. కాదన్న ప్రతి మాటనూ మొండితనంగా లెక్కిస్తాయి. గంటలు గడుస్తాయి. ఇంటికి ఫోను చేయనివ్వరు. “నీ స్నేహితుడు అంతా చెప్పేశాడు” అంటారు. “సంతకం పెట్టు, పొద్దున్నే పంపించేస్తాం” అంటారు. “నీ తమ్ముడిని కూడా తీసుకురమ్మంటావా?” అని అడుగుతారు. అప్పుడు మనిషి మనసు లెక్కలు మారిపోతాయి. పదేళ్ళ జైలు ఎక్కడో దూరాన ఉంటుంది. ఈ గది నుంచి బయటపడడం ఈ క్షణపు అవసరం. పైగా నిర్దోషికి ఒక వింత నమ్మకం ఉంటుంది. “నేను ఏ తప్పూ చేయలేదు, కోర్టులో ఎలాగూ తేలిపోతుంది” అనుకుంటాడు. ఆ నమ్మకమే అతడి చేత సంతకం పెట్టిస్తుంది.

ఇంతకంటే విచిత్రమైన స్థితి మరొకటి ఉంది. మనిషి తన మీద తానే నమ్మకం కోల్పోతాడు. 1996లో సాల్ కాసిన్, క్యాథరిన్ కీచెల్ 75 మంది కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటరుపై టైపు చేయించి, ఫలానా మీట నొక్కితే యంత్రం పాడవుతుందని హెచ్చరించారు. కాసేపటికి యంత్రాన్ని తామే ఆపేసి, నువ్వే నొక్కావని నింద వేశారు. నిజానికి ఎవ్వరూ నొక్కలేదు. అయినా నూటికి 69 మంది తామే నొక్కామని సంతకం చేశారు. పని వేగం పెంచి, “నేను చూశాను” అని ఒక దొంగ సాక్షిని కూడా పెట్టినప్పుడు ఒక్కరు మిగలకుండా సంతకం చేశారు. వారిలో అధిక సంఖ్యాకులు తామే తప్పు చేశామని నిజంగా నమ్మారు. 2016లో ప్రచురితమైన మరొక పరిశోధన నిద్రను పరీక్షించింది. రాత్రంతా నిద్రపోయినవారిలో నూటికి 18 మంది మొదటిసారి అడగగానే చేయని తప్పు ఒప్పుకోగా, నిద్ర లేనివారిలో సగం మంది ఒప్పుకున్నారు. ఒక్క రాత్రి నిద్ర చేసిన పని ఇది. లాకప్‌లో ఎన్ని రాత్రులు గడుస్తాయో ఇక్కడున్న కొన్ని కుటుంబాలకు తెలుసు.

సమాజం మొత్తాన్ని అనుమానించినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండును చూద్దాం. 1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్ నగరంలో రెండు మద్యశాలల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజుల్లో ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. ఏడు రోజుల వరకు నిర్బంధించవచ్చన్నారు. ఐర్లండు మూలాలున్న కాథలిక్కు అయితే చాలు, అనుమానితుడే. ఆ పేలుళ్ళ కేసులో ఆరుగురిని పట్టుకోగా, నలుగురి చేత నేరాంగీకార పత్రాలు రాయించారు. అదే ఏడు గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో జరిగిన పేలుళ్ళ కేసులో మరో నలుగురు కూడా ఒప్పుకున్నట్లు పత్రాలు పుట్టాయి. అందరికీ 1975లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. గిల్డ్‌ఫర్డ్ నలుగురు 1989లో, బర్మింగ్‌హామ్ ఆరుగురు 1991లో నిర్దోషులుగా బయటకు వచ్చారు. గీస్లీ గుడ్‌జాన్సన్ అనే మనస్తత్వవేత్త ఇటువంటి కేసులలోని వ్యక్తులను పరీక్షించి, ఒత్తిడికి లొంగే స్వభావం, ఇతరుల సూచనలను స్వీకరించే స్వభావం మనిషి మనిషికీ ఎలా మారుతాయో కొలిచే పద్ధతిని రూపొందించారు. ఇందులో మనం మరచిపోకూడని మాట ఒకటుంది. బర్మింగ్‌హామ్ హత్యలకు అసలు దోషులైనవారికి నేటికీ శిక్ష పడలేదు. నిర్దోషి చేత సంతకం పెట్టించిన రోజున అసలు దోషి కోసం వెదకడం ఆగిపోయింది.

ఇంగ్లండు దాని నుంచి పాఠం నేర్చుకుంది. 1984 చట్టం అనుమానితుల విచారణకు కట్టుబాట్లు పెట్టింది, దాని కింద విచారణను టేపు మీద రికార్డు చేయడం ఆచారమైంది. 1990ల ఆరంభంలో పోలీసులకు కొత్త ప్రశ్నించే పద్ధతి నేర్పారు. ముందుగా సిద్ధపడడం, ఎదుటివారితో మర్యాదగా మాట కలిపి విషయం వివరించడం, అడ్డు తగలకుండా వారి చేత పూర్తిగా చెప్పించడం, సంగ్రహంగా ముగించడం, చివరన వచ్చినదానిని బేరీజు వేయడం అన్నవి అందులోని అంచెలు. లేని సాక్ష్యం ఉందని బొంకడం అందులో లేదు. దీనివల్ల నేరస్థులు తప్పించుకుపోలేదు. వివరం ఎక్కువగా రాబట్టిన అధికారికి, ఆ వివరాన్ని వేరే ఆధారాలతో సరిచూసుకునే అవకాశమూ ఎక్కువగా ఉంటుంది.

మన దేశంలో ఈ జ్ఞానం లేదనుకోకండి. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వమే నియమించిన సంఘం చిత్రహింసలపై నివేదిక ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలుకు, నేరం ఒప్పించడానికి వేళ్ళను నలిపే ‘కిట్టి’ వంటి సాధనాలు వాడినట్లు అందులో నమోదైంది. ఆరేళ్ళ తరువాత వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడు, ఆపైన 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను, పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదని శాసించాయి. పరాయి పాలకులే తమ పోలీసును నమ్మలేకపోయారు. ఆ నియమం నేటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షనుగా కొనసాగుతోంది.

స్వతంత్ర భారతంలో టాడా, పోటా చట్టాలు ఈ గోడకు కన్నం వేశాయి. ఉన్నత స్థాయి పోలీసు అధికారి ముందు చెప్పినది సాక్ష్యమే అన్నాయి. ఫలితం ఏమిటి? 2002లో గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయంపై జరిగిన దాడి కేసులో పోటా కింద సేకరించిన నేరాంగీకారాలే ప్రధానాధారం. ముగ్గురికి మరణశిక్ష పడింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో సహా ఆరుగురినీ నిర్దోషులని ప్రకటించింది. 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్ళలో జరిగిన పేలుళ్ళలో 180 మందికి పైగా మరణించారు. మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం కింద తీసుకున్న నేరాంగీకారాల ఆధారంగా పన్నెండు మందిని దోషులన్నారు. ఐదుగురికి ఉరి వేశారు, తీర్పులో. 2025 జూలైలో బాంబే హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఒప్పుకోలు పత్రాల స్వచ్ఛందతను నమ్మలేదు. సంఘటన జరిగిన వంద రోజులు దాటాక అనుమానితుల గురించి చెప్పిన సాక్షుల జ్ఞాపకాన్నీ నమ్మలేదు. ఈ తీర్పును ఇతర కేసులలో ప్రమాణంగా వాడరాదని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, అప్పీలు ముందున్నది. కానీ పందొమ్మిదేళ్ళ కాలం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆ పన్నెండు మందిలో ఒకరు తీర్పు వినకుండానే జైలులో కన్నుమూశారు.

ఇక మన ఊరి విషయం. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ పేలుడు జరిగింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. బాధితుల వీధుల నుంచే యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది వారిలో పలువురిని కలిసి, చిత్రహింసల ఆనవాళ్ళను నమోదు చేశారు. కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వం తరువాత 70 మందికి 70 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఇరవై మందికి మూడు లక్షల చొప్పున, యాభై మందికి ఇరవై వేల చొప్పున. 2013లో హైకోర్టు ఆ పరిహార ఉత్తర్వును కూడా కొట్టివేసింది.

ఈ కథలో మనకు చేదుగా ఉండే భాగం ఇంకొకటి ఉంది. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద ఢిల్లీలో మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇచ్చారు. అది పత్రికలకెక్కినప్పుడు మన వీధులకు ఊరట కలగడం సహజం. ఆ తరువాత ఆయన దానిని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయనతో సహా విచారణకు నిలిచిన ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ తీర్పుపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. మేజిస్ట్రేటు ముందరి వాంగ్మూలానికి చట్టంలో వేరే స్థానం ఉన్నమాట నిజమే. కానీ నిర్బంధంలో ఉన్న మనిషి నోటి మాటను, ఇతర ఆధారాల తోడు లేకుండా నమ్మరాదన్న సూత్రం మన బిడ్డలకు వర్తిస్తే ఆయనకూ వర్తించాలి. మనకు నచ్చని మనిషి విషయంలో వదిలేసే సూత్రం, మనవాళ్ళ విషయంలో నిలబడదు. ఆ సూత్రాన్ని గౌరవించి మొదటి రోజు నుంచే భౌతిక ఆధారాల వెంట దర్యాప్తు నడిచి ఉంటే, ఇరువైపులా వాంగ్మూలాల మీద ఇంతగా ఆధారపడవలసిన అవసరం ఉండేది కాదు.

కాబట్టి మనం ఏం చేయాలి? మొదట తెలిసి ఉండవలసినవి చెబుతాము. రాజ్యాంగం 20వ అధికరణ మూడవ క్లాజు ప్రకారం నిందితుడు తనపై తానే సాక్ష్యం చెప్పనక్కరలేదు. ఈ రక్షణ పోలీసు ప్రశ్నల దశలోనే మొదలవుతుందని 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టర్ పరీక్ష చేయరాదని 2010లో సెల్వీ కేసులో తీర్పునిచ్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షను ప్రకారం అరెస్టయి ప్రశ్నలకు గురవుతున్న వ్యక్తి తన న్యాయవాదిని కలుసుకోవచ్చు, అయితే విచారణ పొడుగునా న్యాయవాది పక్కన ఉండాలన్న నియమం లేదు. 179వ సెక్షను ప్రకారం స్త్రీలను, పదిహేనేళ్ళలోపు బాలురను, అరవై దాటిన వృద్ధులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్ష్యం కోసం వారి నివాసం వద్దే ప్రశ్నించాలి తప్ప స్టేషనుకు రమ్మని ఒత్తిడి చేయరాదు. పోలీసు నమోదు చేసిన సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోరాదని 181వ సెక్షను చెబుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమని ఏ చట్టమూ అడగదు. అరెస్టయినవారిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. అక్కడ మేజిస్ట్రేటుకు దెబ్బల సంగతి, నిద్ర సంగతి, భోజనం సంగతి నోరు తెరచి చెప్పాలి. ఆ క్షణంలో చెప్పనిదాన్ని తరువాత నిరూపించడం కష్టం. ఇంటివాళ్ళు తీసుకువెళ్ళిన తేదీ, వేళ, వచ్చినవారి వివరాలు, వాహనం నంబరు అప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. పైన చెప్పినట్లు జ్ఞాపకం మారుతుంది, కాగితం మారదు.

అడగవలసినవి కూడా ఉన్నాయి. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషనులోనూ, జాతీయ దర్యాప్తు సంస్థల విచారణ గదుల్లోనూ మాట వినిపించే సీసీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను దీర్ఘకాలం భద్రపరచాలని ఆదేశించింది. సాక్షుల వాంగ్మూలాలను ఆడియో, వీడియోలో తీయవచ్చని కొత్త సంహిత అంటోంది. ‘తీయవచ్చు’ అన్నది ‘తీయాలి’ కావాలి. చివరి పది నిమిషాల ఒప్పుకోలు రికార్డు చేస్తే చాలదు, మొదటి ప్రశ్న నుంచి చివరి మాట దాకా ఉండాలి. అధికారి ఏ మాటను ముందు పలికాడో, అనుమానితుడు ఏ మాటను అరువు తెచ్చుకున్నాడో అప్పుడే తేలుతుంది. ఉర్దూ మాట్లాడే సాక్షి మాటను ఉర్దూలోనే నమోదు చేయాలి. గుర్తింపు పరేడ్ నిర్వహించేవారికి అనుమానితుడు ఎవరో తెలియకూడదు. ఇవి ముస్లింలకు ప్రత్యేకంగా కోరే రాయితీలు కావు. దొంగతనం మోపబడిన దళిత కూలీకీ, అడవిలో పట్టుబడిన ఆదివాసీకీ, రేపు ఏదో ఒక కేసులో చిక్కుకునే పోలీసు కొడుక్కీ ఇవే రక్షణ.

నిజాయితీగల అధికారులకు కూడా మేము ఒక మనవి చేస్తాము. మీరు కోరేది నేరస్థుడినే అయితే, తెరచిన ప్రశ్న మీకు మిత్రుడు, దగ్గరుండి రాయించిన ఒప్పుకోలు మీకు శత్రువు. అది పదేళ్ళ తరువాత కోర్టులో కూలిపోయేనాటికి అసలు ఆధారాలు చెదిరిపోయి ఉంటాయి.

ఆ శుక్రవారం నమాజుకు వెళ్ళి తిరిగిరానివారి ఇళ్ళున్నాయి. ఆ తరువాతి వారాలలో స్టేషనుకు వెళ్ళి, మునుపటి మనుషులుగా తిరిగిరానివారి ఇళ్ళూ ఉన్నాయి. ఈ రెండు రకాల ఇళ్ళకూ బాకీ పడిన నిజం ఒక్కటే. అది మూసిన గదిలో పెట్టించిన సంతకంతో దొరకదు. గది తలుపు తెరవమని అడగడం ఈ సభ నుంచే మొదలు కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.